పందొమ్మిది చేతుల వల

కొత్తరేవు సముద్రపు గోడ, ఆరో నంబరు పంపుల గది.
దినచర్య పలక. రాసేది: నూకరత్నం, పంపు ఆపరేటరు.

శ్రావణం 3

పోటు గోడ అంచుకి నాలుగు మూరలు కింద. పంపులు 1, 2, 4 బాగున్నాయి. 3 మళ్ళీ మొరాయించింది. జల్లెడలో నాచు ఇరుక్కుంది, దానికి తోడు ఎవరో పారేసిన చీర ముక్క. మధ్యాహ్నమంతా నడుం లోతు నీళ్ళలో నిలబడి లాగాను. కొత్త జల్లెడ పంపమని పైవాళ్ళకి రాయడం ఇది నాలుగోసారి. వాళ్ళు చదువుతారన్న భ్రమ నాకు లేదు. రాయడం నా ఉద్యోగం కాబట్టి రాస్తున్నాను.

మూడు గంటలకి తమ్ముడు సింహాద్రి ఫోన్. అక్కని వాడు యప్ప అంటాడు. మా యప్ప బంగారం అన్నాడు. నా చేతుల నిండా గ్రీజు. పూచీ నాది అనేసి పెట్టేశాను.

నాలుగున్నరకి 3 నడిచింది.

శ్రావణం 4

పోటు నాలుగు మూరలు కింద. పంపులన్నీ నడుస్తున్నాయి. నా బుర్రే నడవడం లేదు.

నిన్న మూడుంబావుకి సింహాద్రి బండి గోడ మీద రోడ్డులో పైడమ్మ మీదికి పోయింది. ఎండ బాగుందని ఆవిడ రోడ్డు వారన కూర్చుని వల బాగుచేస్తోంది. ప్రాణానికి ఏమీ కాలేదు. కుడి చెయ్యి వలలో చిక్కుకుని చక్రం కింద నలిగిపోయింది. డాక్టరు ఎముకలు అతికించాడు. వేళ్ళు కదలడానికి ఏడాది పడుతుందన్నాడు, అది కూడా కదలొచ్చు అన్నాడు గానీ కదులుతాయి అనలేదు. రేవులో పైడమ్మంత గట్టిగా ముడి వేసేవాళ్ళు లేరు. సముద్రంలో ప్లాస్టిక్ వల వెయ్యకూడదన్న నిషేధం వచ్చాక నార వలలే గతి, నార వలకి మనిషి వేళ్ళే గతి.

సింహాద్రికి గీత కూడా పడలేదు.

పదకొండు గంటలకి కొండ మీది ఆఫీసు నుంచి విచారణకి ఒక అమ్మాయి వచ్చింది. చెప్పులకి బురద అంటకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"బండి అతని నోటి వాసన చూసి, నడిపే పగ్గం ఇవ్వనంది. తనే నడుపుతానంది. మీరు ఫోన్లో పూచీ ఇచ్చాకే అతని చేతికి పగ్గం ఇచ్చింది. అవునా?"

"అవును."

"ఎందుకిచ్చారు?"

ఒళ్ళు మండింది. "ఎందుకేటమ్మా? ఈ రేవులో పొద్దున్నే పులిసిన తరవాణి గంజి తాగనోలెవలు? తరవాణి వాసనకీ సారా వాసనకీ మీ బండికి తేడా తెల్దు. పనికెల్లే మనిసిని పట్టుకుని తాగుబోతంటాది. దాన్నొగ్గీస్తే గోడెక్కదు, ఊరంతా చుట్టి రెండు గంటలు తిప్పుతాది. అందుకే కదేటి, తెలిసినోలు పూచీ ఉంటే పగ్గం ఇచ్చీమని మీ ఆపీసోలే రూలెట్టినారు! రోజుకి పదిమందికి సెప్తాను నాను. సేపలమ్మే అప్పాయమ్మకి సెప్తాను, డాట్రుబాబుకి సెప్తాను."

ఆ అమ్మాయి రాసుకుంది. తల ఎత్తకుండా ఇంకొకటి అడిగింది. "మధ్యాహ్నం మూడింటికి తరవాణి తాగుతారా?"

నేను గ్రీజు తుడుచుకునే గుడ్డ కోసం వెతికాను.

శ్రావణం 6

పోటు మూడున్నర మూరలు కింద. పంపు 3 దగ్గుతోంది.

తూకం చెప్పేసింది. తూకం అంటే కొండ మీది న్యాయస్థానంలో ఉన్న యంత్రం. ఏ ప్రమాదం జరిగినా ఎవరిది ఎన్ని పాళ్ళ తప్పో అది తూచి చెబుతుంది. మా తాతల కాలంలో వకీళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకునేవాళ్ళట. ఇప్పుడు ముప్పై రోజులే కొట్టుకుంటున్నారు, అంతే తేడా.

పైడమ్మ చెయ్యి నలగడానికి కారణమైనవాళ్ళు మొత్తం పందొమ్మిది మంది అని తేలింది. సారా కాచినవాడు, అమ్మినవాడు, పోసినవాడు. కొత్త పడవకి పసుపు రాసి అందరినీ విందుకి పిలిచినవాడు. బండి చేసిన కంపెనీ. రోడ్డుకి కమ్మీలు వెయ్యని గోడ శాఖ. ఆ రోజు ఎండ కాస్తుందని చెప్పిన వాతావరణ శాఖ, అలా చెప్పబట్టే ఆవిడ బయట కూర్చుందట. పూచీ ఇచ్చిన నేను. ఇలా సాగుతుంది పట్టిక. పదిహేడోవాడు సింహాద్రి. పందొమ్మిదోది పైడమ్మ, రోడ్డు వారన కూర్చున్నందుకు.

చట్టం ప్రకారం, చెయ్యి పోయిన మనిషి పనిని కారణమైనవాళ్ళు చేసిపెట్టాలి. చివరి తూకం తేలేదాకా అందరూ సమానంగా. పైడమ్మ రోజుకి ఆరు గంటలు వల అల్లుతుంది. కాబట్టి తలా పందొమ్మిది నిమిషాలు. ఆవిడ వాటా పందొమ్మిది నిమిషాలు ఆవిడ కూడా చెయ్యాలట, ఎడం చేత్తో. ఇది చదివి నేను పలకని గోడకేసి కొట్టబోయి ఆగాను. పలక ప్రభుత్వానిది.

శ్రావణం 9

పోటు మూడు మూరలు కింద. జల్లెడ గురించి అయిదోసారి రాస్తున్నాను.

పొద్దున్న వలసాలకి వెళ్ళాను. గోడ పక్కన వలలు ఆరేసి బాగుచేసే పెద్ద రేకుల పాక అది. బయట పైడమ్మ తప్ప మిగతా పద్దెనిమిది మందిమీ వరసలో నిలబడ్డాం, రేషను దుకాణం ముందు నిలబడ్డట్టు. గడియారం పెట్టుకుని ఒక గుమాస్తా. పందొమ్మిది నిమిషాలు కాగానే ఈల ఊదుతాడు, ముడి సగంలో ఉన్నా సరే లేవాలి.

పైడమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో. వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగింది. "ఎవలు సేసారు ఇది?"

"నాను పోసాను గానీ తాగమన్నానేటి?" అన్నాడు పోసిన మరిడయ్య.

"నాను అమ్మినాను గానీ పొయ్యమన్నానేటి?" అన్నాడు అమ్మినవాడు.

గోడ శాఖ నుంచి ఒక ఆఫీసరు వచ్చి, చేతికి తొడుగులు వేసుకోవడానికి పద్నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. బండి కంపెనీ ఒక ఇనుప చేతిని పంపింది. అది నార పట్టుకోలేక రెండుసార్లు తెంపి, "మీ సహనానికి ధన్యవాదాలు" అంది. వాతావరణ శాఖాయన ముడి వెయ్యడం రాదని మర్యాదగా ఒప్పుకుని, పందొమ్మిది నిమిషాలూ పైడమ్మకి విసనకర్రతో విసిరాడు. చూడబోతే వాళ్ళందరిలో ఆయనే నయం.

సింహాద్రి వంతు వచ్చింది. నున్నగా గడ్డం గీసుకుని వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళు వాడికి, ఇప్పటికీ అమ్మ లేని పిల్లాడిలా మొహం పెట్టగలడు. నేను పెంచిందే ఆ మొహం.

"ఎవలు సేసారు?" అంది పైడమ్మ.

"నాకేటి తెలుస్తాది పైడమ్మప్పా? తాగున్నాను గదా," అన్నాడు వాడు.

ఇది వాడి వకీలు నేర్పిన మాట. తాగినవాడికి తెలివి ఉండదు కాబట్టి తాగినవాడి వాటా నూటికి ఏడు పాళ్ళు దాటరాదని చట్టంలోనే ఉంది. అంటే తెలివి ఉన్నవాళ్ళమంతా దాని బరువు మొయ్యాలి, తెలివి తాగేసినవాడు హాయిగా ఇంటికి పోవాలి. ఏ మహానుభావుడు రాశాడో గానీ, రాసేటప్పుడు ఆయన కూడా ఏడు పాళ్ళ మీదే ఉన్నాడని నా అనుమానం.

నా వంతు వచ్చినప్పుడు పైడమ్మ నన్ను కూడా అడిగింది. "పంపు 3 బాగుసేస్తన్నాను వదినా, సేతుల నిండా గ్రీజు," అని చెప్పాను. అడిగిందొకటి, నేను చెప్పిందొకటి. ఆవిడ మళ్ళీ అడగలేదు.

శ్రావణం 15

పున్నమి పోటు. గోడ అంచుకి ఒకటిన్నర మూరే. నాలుగు పంపులూ పూర్తి జోరు మీద నడిపాను.

మేమంతా కలిసి బాగుచేసిన వలని నిన్న ఎర్రన్న సరంగు తన పడవలో తీసుకెళ్ళాడు. ఇవాళ తిరిగొచ్చాడు. వల నడిమధ్యలో మనిషి దూరేంత కన్నం. పందొమ్మిది రకాల ముళ్ళు. కొన్ని జారాయి, కొన్ని బిగిసి నారని కోసేశాయి. చేపలన్నీ దర్జాగా వెళ్ళిపోయాయట. ఎర్రన్న వలని పైడమ్మ ముందు పరిచాడు. అరవలేదు, అరిస్తే బాగుండేది.

"పైడమ్మా, ఇరవయ్యేళ్ళు నీ సేతి వలే నా పడవకి. చవితికి సీజను మొదలు. ఈ వలతో దిగలేను. భాద్రపద పున్నమి దాకా సూస్తాను. అప్పటికీ ఇలగే ఉంటే మరొకల్ని సూసుకోవాల. నువ్వేటనుకోకు."

పైడమ్మ ఏమీ అనుకోలేదో, అనుకుని మింగిందో. ఒక పడవ వదిలేసిందంటే వలసాలలో స్తంభం పక్కన చోటు కూడా పోతుంది, ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. యాభై రెండేళ్ళ మనిషి, ఎడం చెయ్యొక్కటీ పెట్టుకుని ఎక్కడికి పోతుంది?

శ్రావణం 20

పోటు మూడు మూరలు కింద. పంపు 3 ఆగింది, తన్నితే నడిచింది.

నా వకీలు విశ్వనాథ పట్నాయక్ గారు వచ్చారు. పెద్దమనిషి, గొడుగు మడిచి మూల పెట్టి, నా నీళ్ళ డబ్బా మీద కూర్చున్నారు. ఒళ్ళో నా దినచర్య నకలు ఉంది. నేను రాసినవన్నీ చదివిన మొదటి మనిషి ఈయనే అనుకుంటాను. జల్లెడ గురించి జాలిపడ్డారు కూడా.

"నూకరత్నం గారూ, మీ పలక మీద రాసింది ముప్పై రోజుల దాకా దిద్దుకోవచ్చు కదా?"

"దిద్దుకోవచ్చు బావూ. తర్వాత దిద్దడానికి అవ్వదు."

"ముప్పై రోజులు దాటాకే తూకం దాన్ని చదువుతుంది. శ్రావణం మూడు నాటిది భాద్రపదం మూడు సాయంత్రానికి గట్టిపడుతుంది. ఈలోగా ఒక వాక్యం తీసేయండి. 'మా యప్ప బంగారం అన్నాడు' అని రాశారు."

"అన్నాడు కాబట్టి రాసాను. అందులో తప్పేటి?"

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "మూడేళ్ళ నకలు తిరగేశాను. తమ్ముడు మిమ్మల్ని బంగారం అన్నట్టు ఇంకో తొమ్మిది చోట్ల రాశారు. ఆ తొమ్మిదిసార్లూ మర్నాటి నమోదులో 'తమ్ముడికి తలనొప్పి, మజ్జిగ పంపాను' అని ఉంది. నాకే కనిపించింది, తూకానికి కనిపించదా? తాగినప్పుడే ఆ మాట అంటాడనీ, అది మీకు తెలుసనీ చెబుతుంది. తెలిసి పూచీ ఇచ్చినవాళ్ళ వాటా సగం దాటుతుంది. సగం దాటినవాళ్ళు మొత్తం పని మొయ్యాలి, మిగతా అందరూ విడుదల. పైగా తెలిసి తప్పుడు పూచీ ఇచ్చినవాళ్ళకి గోడ మీద ఉద్యోగం ఉండదు."

ఇరవై రెండేళ్ళు ఈ గదిలో ఉన్నాను నేను. నా పెళ్ళి సంబంధాలు కూడా ఈ పంపుల చప్పుడులోనే వినిపించక తప్పిపోయాయి.

"ఆ వాక్యం తీసేస్తే?"

"మీది అయిదు పాళ్ళు. రోజుకి పద్దెనిమిది నిమిషాలు." గొడుగు తీసుకున్నారు. "అబద్ధం రాయమని చెప్పడం లేదు నేను. ఉన్నది తగ్గించమంటున్నాను."

ఎంత మంచివాడో! ఇలాంటి మంచివాళ్ళు పందొమ్మిది మందికీ తలా ఒకరున్నారు.

శ్రావణం 24

పోటు నాలుగు మూరలు కింద.

సింహాద్రి ఇంటికి వెళ్ళాను. నీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పైడమ్మ దగ్గరికి వెళ్ళి నాదే తప్పు అని చెప్పరా అని అడిగాను.

"సెప్పకూడదప్పా. వకీలు ఒద్దన్నాడు."

"వకీలు నిన్ను కన్నాడేటిరా?"

"సెప్తే మాత్రం నా వాటా పెరుగుతాదేటి? ఏడు దాటదు గదా. మరెందుకు సెప్పడం?"

నిజమే, పెరగదు. పెరగనప్పుడు చెప్పడానికి ఏం పోయిందిరా అని అరిచాను. వాడు నన్ను వింతగా చూశాడు. ఏమీ రానప్పుడు, ఏమీ పోనప్పుడు, మనిషి ఒక మాట ఎందుకంటాడో వాడికి నిజంగానే అర్థం కాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను తిడతాను. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు బయటికొచ్చారు.

"అయినా నువ్వు మాత్రం సెప్పీసినావేటి?" అన్నాడు వాడు, తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ. "నాను తాగున్నానని నీకు తెల్దేటి?"

తిరుగు దారంతా ఎలా నడిచానో గుర్తు లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే చెప్పు ఒకటి తెగి ఉంది.

శ్రావణం 28

పోటు రెండు మూరలు కింద, అమావాస్యకి పెరుగుతోంది. పంపు 3 గురించి ఇక రాయను.

నా పందొమ్మిది నిమిషాలు పొద్దున్నే అయిపోయాయి. అన్నం డబ్బా అక్కడే మరిచిపోయి సాయంత్రం వలసాలకి తిరిగి వెళ్ళాను. జనం లేరు. పైడమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. వలని మోకాళ్ళతో అదిమి పట్టి, ఎడం చేత్తోనూ పళ్ళతోనూ ముళ్ళు విప్పుతోంది. మేము పగలంతా వేసినవే. పెదవి చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఏటి వదినా ఇది?"

"ఇప్పకపోతే రేపు మీ ముల్ల మీద మల్లా ముల్లెస్తారు. నార పాడైపోతాది." నోట్లో పీచు ఉమ్మింది. "రత్నం, నాకు పందొమ్మిది మంది ఒద్దే. ఒక్కలు కావాల. ఒక్కలైతే పక్కన కూకోబెట్టి తిడతాను, నేర్పుతాను. పున్నమికి సేతికొస్తాది. పందొమ్మిది మందిని ఎవల్ని తిట్టను? ఒకలు లెగిసేసరికి మరొకలు కూకుంటారు. నా సెయ్యి ఒకటే పోయింది, పందొమ్మిది పోనేదు."

నేను డబ్బా తీసుకున్నాను. ఇంకేం తీసుకోవాలో తెలియలేదు.

భాద్రపదం 3

పోటు గోడ అంచుకి మూర. పంపులు నాలుగూ నడుస్తున్నాయి. సమయం సాయంత్రం అయిదు. ఆరింటికి శ్రావణం మూడు నాటి నమోదు గట్టిపడుతుంది.

పొద్దుటి నుంచి ఆ వాక్యం మీద వేలు పెట్టి నొక్కుతున్నాను. నొక్కితే మెరుస్తుంది, దిద్దమంటావా అని అడుగుతుంది. తీసేయడం ఎంత తేలికో! నాలుగు మాటలు. పంపు 3 జల్లెడలో నాచు తీసినంత కష్టం కూడా లేదు.

నెల రోజులుగా అందరినీ తిట్టాను. పోసినవాణ్ణి, అమ్మినవాణ్ణి, కమ్మీలు వెయ్యనివాళ్ళని, చట్టం రాసినవాణ్ణి. తిట్టినంతసేపూ బాగానే ఉంది. సింహాద్రి ఆ రోజు మా యప్ప బంగారం అన్నప్పుడు నా చేతులు ఆగాయి. గ్రీజు చేతులతో అలాగే నిలబడ్డాను. వీడు తాగాడు అనుకున్నాను. వద్దంటే బతిమాలుతాడు, ఏడుస్తాడు, అమ్మ పేరు ఎత్తుతాడు, అరగంట పోతుంది, పంపు ఆగిపోతుంది అనుకున్నాను. ఇవన్నీ అనుకునేంత సమయం ఉంది నాకు. అన్నీ అనుకున్నాకే పూచీ నాది అన్నాను. తొమ్మిదిసార్లు ఏమీ కాలేదు కదా అని కూడా అనుకున్నాను.

శ్రావణం 3 నాటి నమోదుకి దిద్దుబాటు, కింద కలిపి రాస్తున్నది:

*వాడు తాగి ఉన్నాడని మాటలోనే తెలిసింది. తెలిసే పూచీ ఇచ్చాను. నూకరత్నం.*

పట్నాయక్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన, జల్లెడ వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను.

భాద్రపదం 5

పోటు ఒకటిన్నర మూర. పంపులన్నీ నడుస్తున్నాయి.

తూకం తేల్చింది. నాది నూటికి యాభై ఎనిమిది. మొత్తం పని నాదే. మిగతావాళ్ళందరూ విడుదల, పైడమ్మతో సహా. ఆవిడ తన చేతికి తాను బాధ్యురాలు కాదని యంత్రం మన్నించింది, సంతోషం. సింహాద్రి కూడా విడుదల. తాగి నడిపినవాడికి ఇప్పుడు అక్షరాలా ఒక్క నిమిషం పని కూడా లేదు. ఈ తెలివికి ఎవరిని తిట్టాలో ఇంకా నిర్ణయించుకోలేదు.

నా స్థానంలో కొత్త మనిషి వచ్చాడు. పంపు 3 ని ఎడమ పక్కన, కింద, చెప్పు కాలితో తన్నాలని చూపించాను. రాసుకున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

కొత్త జల్లెడ ఇవాళ మధ్యాహ్నం వచ్చింది.

భాద్రపదం 8

పలక లాక్కున్నారు. ఇది నా సొంత కాగితం. అలవాటు పోక రాస్తున్నాను.

మొదటి రోజు వలసాలలో పైడమ్మ ఎదురుగా కూర్చుని, ఆవిడ అడగకముందే చెప్పాను. వాడు తాగాడని తెలుసు వదినా, తెలిసే ఇచ్చాను అని. ఆవిడ నా మొహంలోకి చూసింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. చెక్క సూది నా చేతిలో పెట్టింది.

"ఎయ్యి."

వేశాను. "ఇప్పు," అంది. విప్పాను. "ఎయ్యి." మూడు రోజులుగా ఇదే. ఆవిడ తిట్లు వింటే పంపు 3 కూడా ఒక్క తన్నుకే నడుస్తుంది. నిన్న వేసిన ముళ్ళు నూట పది. ఆవిడ ఉంచినవి రెండు.

మధ్యాహ్నం సింహాద్రి వచ్చాడు. మిఠాయి పొట్లం తెచ్చాడు. విడుదల చేయించినందుకు.

"నీ రుణం తీర్సుకోలేనప్పా," అన్నాడు. పొట్లం పైడమ్మ పక్కన పెట్టాడు, ఆవిడ దాన్ని కాలితో అవతలికి జరిపింది. కాసేపు కాళ్ళు మార్చుకుంటూ నిలబడి, బయట ఉన్న బండి వైపు చూశాడు. "పొద్దున్న తరవాణి తాగినానని బండి పగ్గం ఇవ్వనంటంది. ఒక్క ముక్క సెప్పప్పా."

రాయడానికి సిగ్గుగా ఉంది. నా నోరు తెరుచుకుంది. "పూచీ" అని సగం బయటికొచ్చేసింది కూడా. ఆలోచన ఏమీ లేదు, దగ్గు వచ్చినట్టు వచ్చింది. ఎదురుగా పైడమ్మ కట్టు కట్టిన చెయ్యి ఉంది.

నోరు మూసుకున్నాను. మళ్ళీ తెరిచి, "నడిసి పో," అన్నాను.

"గోడ సివర దాకానా? ఎండలోనా?"

"సట్టం నిన్నొగ్గీసింది గానీ నానొగ్గనేదురా. నడిసి పో. రేపు నడిసి రా. ఇక్కడ ఈ పక్కన కూకో."

"నాకు పని నేదన్నారు గదా!"

"నేదు. అందుకే రమ్మంటన్నాను."

వాడు కోపంగా వెళ్ళిపోయాడు. బండిని మాత్రం అక్కడే వదిలేశాడు.

భాద్రపదం 9

ముళ్ళు నూట ఇరవై. ఉంచినవి పదకొండు.

సింహాద్రి రాలేదు.

భాద్రపదం 10

ముళ్ళు నూట ముప్పై. ఉంచినవి నలభై. వేళ్ళ చివర్లు పచ్చిపుండ్లు.

పదింటికి సింహాద్రి వచ్చాడు. చొక్కా అంతా చెమట. వల అవతలి అంచున కూర్చున్నాడు. పైడమ్మ చాలాసేపు వాణ్ణి అలాగే కూర్చోనిచ్చి, తర్వాత రెండో సూది విసిరింది. వాడి మొదటి ముడి చూసి ఆవిడ అన్న మాట కాగితం మీద రాయదగ్గది కాదు.

భాద్రపదం 14

రేపు పున్నమి. ఎర్రన్న సరంగు వల చూడ్డానికి వచ్చాడు.

వలని స్తంభాలకి కట్టి, బరువంతా వేసి లాగాడు. ఒక్కో బారా లాగుతూ నడిచాడు. నేను వేసిన వైపు అయిపోయింది, ఏమీ జారలేదు. అవతలి అంచు దగ్గర ఒకచోట టప్ మని శబ్దం వచ్చింది. ఒక ముడి జారింది.

ఎర్రన్న ఆ కన్నంలో వేలు పెట్టి చూశాడు. "ఇదెవలు సేసారు?"

చెయ్యి ఎత్తి నాది అనబోయాను. చట్టప్రకారం అది నాదే, పనంతా నాదే. ఇంతలో పైడమ్మ ఎడం చేత్తో నా మోకాలు గట్టిగా పట్టుకుంది. మాట్లాడకు అన్నట్టు.

సింహాద్రి నేల చూపులు చూస్తున్నాడు. వాడి మెడ ఎర్రబడింది.

"నాను," అన్నాడు.

"ఒక్కటే గదా జారింది," అన్నాడు ఎర్రన్న. "బిగించీయండి. రేపు పడవ దిగుతాది." వలని తట్టి వెళ్ళిపోయాడు. పైడమ్మ స్తంభం పైడమ్మకి మిగిలింది.

పైడమ్మ మాత్రం వల వైపు చూడడం లేదు. సింహాద్రినే చూస్తోంది.

"మల్లోసారి అను," అంది.

వాడు తలెత్తాడు. జారిన ముడి వైపు చూశాడు. తర్వాత ఆవిడ ఒళ్ళో ఉన్న కుడి చేతి వైపు చూశాడు.

"నానే, పైడమ్మప్పా," అన్నాడు. "నానే సేసాను."

ఆవిడ తల ఊపింది. సూది తీసి వాడి చేతికిచ్చింది.

ఇవాళ పోటు ఎంతుందో చూడలేదు.